పద్నాలుగు కాళ్ళ యంత్రం

నరసప్ప కూర్చోగా చూసినవాళ్ళు ఎమ్మిగనూరులో ఒక్కరూ లేరు. నిలబడగా చూసినవాళ్ళు కూడా తక్కువే. ఎవరు చూసినా ఆయన నడుస్తుండగానే చూశారు. ఆయనతో మాట్లాడాలంటే పక్కన నడవాలి. పోట్లాడాలన్నా పక్కన నడవాల్సిందే. ఒకచోట నిలబడి పోట్లాడదామనుకున్నవాడు సగం తిట్లు గాలిని తిట్టుకుని ఇంటికి పోవలసి వచ్చేది.

నా సంగతి వేరు. నాకు కుర్చీ అంటే ప్రాణం. నేను సర్కారు ఉద్యోగంలో చేరిందే కుర్చీ కోసం. జీతం ఎంతని అడక్కముందే కుర్చీకి చేతులుంటాయా అని అడిగినవాణ్ణి. ఆదోనిలో పరిశ్రమల శాఖవారి చిన్న ఆఫీసులో గుమాస్తాగా పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం ఐదింటికి లేచేవాణ్ణి, మధ్యలో భూకంపం వచ్చినా చూద్దాంలే అనుకునే రకం. అలాంటి నన్ను దేవుడు తీసుకుపోయి నరసప్పకు కట్టేశాడు.

ముందు ఆయన బస్సు ప్రయాణం గురించి చెప్పాలి. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పదిహేడు మైళ్ళు. నరసప్ప టికెట్టు కొని బస్సెక్కి, డ్రైవరు వెనక నుంచి చివరి సీటు దాకా, చివరి సీటు నుంచి డ్రైవరు దాకా నడుస్తూనే ఉండేవాడు. దారిలో కోళ్ళ గంపలుంటే దాటేవాడు, పిల్లలుంటే ఎత్తి పక్కన పెట్టేవాడు.

"యప్పా, టికెట్టు కొన్నావు గదా, కూసోప్పా," అని కండక్టరు బతిమాలేవాడు.

"టికెట్టు ఆదోనికి కొన్నా నాయనా, సీటుకు గాదు."

బస్సు పదిహేడు మైళ్ళు నడిస్తే ఆయన అందులో కనీసం ఒక మైలైనా నడిచేవాడని కండక్టరు లెక్క వేశాడు. ఆ మైలుకు టికెట్టు కొట్టాలా వద్దా అన్నది మాత్రం అతనికి చివరిదాకా తేలలేదు.

ఇక క్షవరం. మంగలి దేవేంద్రప్ప కత్తి పట్టుకుని ఆయనతో పాటు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ గీసేవాడు. పోయేటప్పుడు కుడి చెంప, వచ్చేటప్పుడు ఎడమ చెంప. ఒకరోజు పోయి తిరిగి వస్తుంటే ఎనుముల మంద అడ్డం వచ్చి ఇద్దర్నీ విడదీసింది. ఆ పూటంతా నరసప్ప కుడివైపు నుంచి చూస్తే పెళ్ళికొడుకు, ఎడమవైపు నుంచి చూస్తే దీక్ష పట్టినవాడు. పెళ్ళిళ్ళలో ఆయన బంతిలో కూర్చోడు కాబట్టి వడ్డన ఎప్పుడూ ఆయనదే. తన ముద్దలు మాత్రం వంటల దగ్గర అటూ ఇటూ తిరుగుతూ మింగేవాడు.

"ఏమప్పా ఈ తిరుగుడు?" అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"ఆదోనిలో ఒక హకీము సెప్పినాడు. ఒక గడియ కూసున్నా కాళ్ళు పడిపోతాయంట."

ఏ హకీము, ఏ వీధి అని ఎవరూ అడగలేదు. అడగాలంటే ఇంకో ఫర్లాంగు నడవాలి మరి. ఈ జబ్బు మొదలై మూడేళ్ళయిందని మాత్రం అందరికీ తెలుసు.

ఆయన పని కూడా జబ్బుకు తగ్గదే. మగ్గం మీద నిలువు దారాల వరసను పడుగు అంటారు. ఆ పడుగు తయారు కావాలంటే వీధి పొడవునా కర్రలు పాతి, నూలు చుట్టిన కండెలు చేత పట్టుకుని, కర్రల మధ్య దారం పోస్తూ అటూ ఇటూ నడవాలి. ఒక్కో పడుగుకు ఎన్ని మైళ్ళ నడకో. నరసప్ప దగ్గర ఏడుగురు ఆడవాళ్ళు ఈ పని చేసేవారు. నూలు ఇచ్చేది, పడుగులు తీసుకునేది ఆదోని షావుకారు దుర్గప్ప. వచ్చిన కూలి ఏడు పాళ్ళు. నడిచినవాళ్ళకే పాలు అన్నది వాళ్ళ కట్టుబాటు. మేస్త్రీగా నరసప్పకు వచ్చేది వేరే. అయినా ఆయన కూడా వాళ్ళతో పాటు తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకా పడుగు వెంట నడిచేవాడు.

నా మెడకు ఆయన చుట్టుకున్నది యాభై ఆరు జనవరిలో. అప్పటికి కొత్త రాష్ట్రం. కర్నూల్లో రాజధాని, ఆఫీసులు చాలావరకు డేరాల్లో. గాలికి డేరాలు ఎగిరినా ఉత్తర్వులు మాత్రం ఆగకుండా వచ్చేవి. కొత్తగా పరిశ్రమ పెట్టేవాళ్ళకు, ఉన్న పరిశ్రమను పెంచుకునేవాళ్ళకు తక్కువ వడ్డీకి సర్కారు అప్పు, తీర్చడానికి నిదానమైన వాయిదాలు. చేతిమగ్గం బట్టకు అమ్మకం పన్నులో రాయితీ. ఇచ్చేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు గాని అడిగేవాడు లేడు. ఎందుకంటే అడగాలంటే ఎనిమిది పేజీల దరఖాస్తు నింపాలి. దానివల్ల నాకు కుర్చీలో మంచి విశ్రాంతిగా ఉండేది.

ఒక మంగళవారం నరసప్ప లోపలికొచ్చాడు. నా బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"నమస్కారం గోవిందన్నా. పని పెంచుకునేటోళ్ళకు సర్కారు అప్పు ఇస్తాదంట, నిజమేనా?"

"నిజమే. ముందు కూసో."

"అది కుదరదన్నా. నువ్వే లేయి."

నేను లేవనన్నాను. ఆయన తిరుగుతూనే ఉన్నాడు. పదకొండో చుట్టుకు నా తల తిరిగింది. పన్నెండో చుట్టుకు దరఖాస్తు, అట్ట, పెన్ను తీసుకుని లేచాను. సర్కారు దరఖాస్తును పత్తి బజారులో, జిన్నింగు మిల్లు ముందర, రైల్వే స్టేషను దారిలో నడుస్తూ నింపిన గుమాస్తా మన రాష్ట్రంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

దారిలో ఆయన తన ఇబ్బంది చెప్పాడు. షావుకారు దుర్గప్పకు నెలకు అరవై పడుగులు కావాలి. వీళ్ళ నడకతో ముప్పై దాటడం లేదు. ఉగాది లోపల పెంచకపోతే పని మొత్తం వేరే ఊరికి ఇచ్చేస్తానని తేల్చి చెప్పేశాడు. అలా జరిగితే ఏడిళ్ళలో పొయ్యి వెలగదు. దీనికి మందు ఒకటే, పడుగు డ్రమ్ము. మనిషెత్తు కొయ్య చట్రం. ఒకరు కూర్చుని చేత్తో తిప్పితే పడుగు దానికదే చుట్టుకుంటుంది. మిగిలినవాళ్ళు కూర్చుని కండెలు చుడుతూ దానికి అందిస్తూ ఉండాలి.

"అంటే ఎవురూ నడిసే పన్లేదు," అన్నాను ఆశగా.

"ఎవురూ నడిసే పన్లేదన్నా," అన్నాడు ఆయన, నాకన్నా ఆశగా. ఆ గొంతు నాకప్పుడే కొంచెం వింతగా వినిపించింది గాని, ఎదురుగా పత్తి బండి వస్తుంటే ఆలోచించే తీరిక దొరకలేదు.

"దరఖాస్తులో ఏడో గడి. ఇప్పుడు వాడుతాండే యంత్రాలేమి?"

"యంత్రాలు యాడివన్నా? ఏడుమంది ఆడోళ్ళుండారు. పద్నాలుగు కాళ్ళు. అవే యంత్రాలు."

"ఏ బలంతో నడుస్తాయి? బొగ్గా, నూనా, కరెంటా?"

"జొన్నరొట్టె."

పత్తి బండి ఎద్దు కొమ్ము నా చెవి పక్కగా పోయింది. చెవిని కాపాడుకుంటూ, విన్నది విన్నట్టు రాసేశాను. తర్వాత చూసుకుని దిద్దుదామనుకున్నాను. ఆఫీసుకొచ్చి కుర్చీలో పడ్డాక కాళ్ళ నొప్పి తప్ప నాకింకేమీ గుర్తు రాలేదు. దరఖాస్తు అట్లాగే పై ఆఫీసుకు పోయింది.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం నరసప్ప వచ్చేవాడు, నా నడక మొదలయ్యేది. ఉగ్గాని తినాలన్నా పొట్లం కట్టించుకుని నడుస్తూ తినడమే. ఆయనకు ఒకటే దిగులు.

"మిషను పెడితే మాది సేనేత గాకుండా పోతాదా అన్నా? పన్ను రాయితీ తీసేస్తారా?"

"డ్రమ్ము తిప్పేది సెయ్యే గదా?"

"సెయ్యే."

"మగ్గం నేసేది?"

"సెయ్యే."

"మరి యాడికి పోతాది రాయితీ? కరెంటు కాకుంటే సాలు."

ఆయన తల ఊపి వెళ్ళిపోయేవాడు. వచ్చే మంగళవారం మళ్ళీ, "అన్నా, సెయ్యి నొప్పి పుట్టి కాలుతో తిప్పితే?" అనేవాడు. ఈ రాయితీ పేరు మీద నా చెప్పులు రెండు జతలు అరిగిపోయాయి. మా వీధి చెప్పులు కుట్టేవాడు నన్ను చూస్తే లేచి నిలబడి దండం పెట్టేవాడు.

మార్చి ఇరవైన పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. చదివి నేను కుర్చీలోంచి పడబోయాను. "దరఖాస్తుదారుని వద్ద గల పద్నాలుగు కాళ్ళ యంత్రం ఏ దేశపు తయారీ? కొన్న తేదీ ఏది? ప్రస్తుత విలువ ఎంత? జొన్నరొట్టె అను ఇంధనం టన్ను ధర ఎంత? ఇట్టి పెద్ద యంత్రం ఉండగా మరియొక యంత్రం ఎందుకు? ఇరవై నాలుగో తేదీన ఇన్స్పెక్టరు స్వయంగా వచ్చి సదరు యంత్రమును పరీక్షించును."

తప్పు నాది. మార్చి ముప్పై ఒకటి దాటితే ఆ ఏటి నిధులు వెనక్కి పోతాయి. మళ్ళీ దరఖాస్తు పెట్టుకునేసరికి ఉగాది పోతుంది, దుర్గప్ప పోతాడు, ఏడిళ్ళ కూలి పోతుంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎవరూ లేపకుండా పని వేళల్లో కుర్చీ వదిలి, ఇరవై మూడున నాకు నేనుగా ఎమ్మిగనూరు బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం నరసప్ప ఇంటికి చేరాను. తలుపు దగ్గరగా వేసుంది. పిలవబోతూ సందులోంచి చూసి ఆగిపోయాను. లోపల పడక కుర్చీలో ఒక మనిషి వెనక్కి వాలి, రెండు కాళ్ళూ ఉప్పునీళ్ళ బేసిన్లో పెట్టుకుని గురక పెడుతున్నాడు. నరసప్ప తమ్ముడేమో అనుకున్నాను. నరసప్పకు తమ్ముళ్ళు లేరని గుర్తొచ్చింది. ఆయన భార్య కస్తూరమ్మ నేలమీద కూర్చుని ఆ మనిషి మోకాళ్ళకు ఆముదం రాస్తూ ఉంది.

తలుపు కిర్రుమంది. నరసప్ప కళ్ళు తెరిచాడు, నన్ను చూశాడు, ఎగిరి నేలమీదికి దూకాడు. బేసిన్ బోర్లా పడి నీళ్ళన్నీ నా కొత్త చెప్పుల మీదికొచ్చాయి. ఆ చిన్న గదిలోనే గోడ నుంచి గోడకు మూడడుగులు, మూడడుగులు నడవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడే... ఇప్పుడే కూసున్నా అన్నా... గడియ గూడా కాలే..."

"సాలింక," అంది కస్తూరమ్మ. "గోవిందన్న సూసినాడు. కూసో."

నరసప్ప కూర్చున్నాడు. నా కళ్ళతో నేను చూశాను.

"మరి హకీము?" అన్నాను.

"ఏ హకీమూ లేడన్నా," అంది ఆమె. "మూడేండ్ల కిందట మా పడుగు ఆడోళ్ళలో మారెమ్మ కాలు మీద బండి సక్రం ఎక్కింది. ఎముక అతుక్కుంది గాని నడక పోయింది. మా కట్టుబాటు నీకు తెలుసు గదా, నడిసినోళ్ళకే పాలు. ఆమెకు మొగుడు లేడు, ఇద్దరు పిల్లోళ్ళు. నీ పాలు నేనిస్తాలే తల్లీ అని ఈయన పోయి సెప్పినాడు. ఉట్టి కూలి నాకొద్దు, చిప్పగిరిలో అన్న ఇంట్లో పడుంటా అని మూట కట్టుకునింది ఆమె. ఆ అన్న ఎట్లాంటోడో ఊరందరికీ ఎరికే. ఆ దినమే ఈయనకు ఈ జబ్బు పుట్టింది."

నరసప్ప నేలచూపులు చూస్తూ అందుకున్నాడు. "నడవకుంటే నా కాళ్ళు పడిపోతాయంట తల్లీ, నీ వంతు నన్ను నడవనియ్యి, నీకు పుణ్యముంటాది అన్నా. పాపం, నామీద జాలిపడి ఆమె ఒప్పుకునింది. వంతు ఆమెది, నడక నాది. కూలి ఆమెకు."

"మరి బస్సులో గూడా కూసోకుంటే ఏమప్పా?"

"కూసుంటే కండక్టరు సూస్తాడు. కండక్టరు పెండ్లాము మారెమ్మకు దోస్తు. మంగలి సూస్తే ఊరంతా సూసినట్లే. యాడ కూసున్నా ఆమెకు తెలుస్తాదన్నా. అబద్ధం ఆడితే సరిపోదు, దాన్ని మోయాల గదా."

"మీ ఇంట్లో ఈ కుర్చీ?"

"ఇది లేకుంటే ఈ పాటికి నేనూ లేను."

అప్పుడు అర్థమైంది నాకు ఆ రోజు ఆయన గొంతులో ఆశ. ఆయన మోకాళ్ళు రెండు టెంకాయల్లా వాచి ఉన్నాయి. "ఇంక ఒక ఏడాది గూడా రావన్నా ఇవి," అన్నాడు. "డ్రమ్ము వస్తే తిప్పేది మారెమ్మే. కూసొని తిప్పినా అది ఆమె కష్టమే. ఒకరి దయ గాదు. ఆ పీట మీద ఆమెను కూసోబెట్టేస్తే సాలు."

కుర్చీ కోసం ఉద్యోగంలో చేరిన నాకు, ఇంకొకరికి ఒక పీట కోసం మూడేళ్ళు నడిచిన మనిషి ముందు చాలా సిగ్గేసింది. పద్నాలుగు కాళ్ళ సంగతి చెప్పాను. నరసప్ప నవ్వలేదు. ఇన్స్పెక్టరుకు ఏమి చెప్పాలా అని ఇద్దరం కూర్చుని ఆలోచించాం. మేమిద్దరం కలిసి కూర్చోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున ఇన్స్పెక్టరుగారు దిగారు. కోస్తా జిల్లాల మనిషి. తలమీద సోలా టోపీ, చేతిలో కొలత టేపు, చంకలో ఫైలు.

"యంత్రం ఎక్కడండీ?"

నేను వీధి చూపించాను. ముందు నరసప్ప, వెనక ఆరుగురు ఆడవాళ్ళు, కండెలు పట్టుకుని కర్రల మధ్య నడుస్తున్నారు. ఇన్స్పెక్టరుగారు చాలాసేపు చూశారు. తర్వాత వేలు పెట్టి ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టి, "పద్నాలుగు. సరిపోయాయి," అని రాసుకున్నారు. ఇంధనం గురించి అడిగేలోపలే కస్తూరమ్మ వేడి జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తెచ్చి ముందు పెట్టింది. ఆయన తిన్నారు. ఇంకొకటి అడిగి తిన్నారు. "ఇంధనం బాగుందండీ," అన్నారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

తర్వాత ఆయన నరసప్పతో మాట్లాడాలన్నారు. మాట్లాడాలంటే నడవాలి కదా, నాలుగుసార్లు వీధి ఆ చివరికీ ఈ చివరికీ నడిచారు. టోపీ కింద నుంచి చెమటలు కారుతున్నాయి. ఐదోసారి వస్తూ అరుగు మీద నీడలో కూర్చున్న మారెమ్మను చూశారు. పక్కన చేతికర్ర ఉంది.

"ఈవిడ ఎవరండీ?"

"మా ఏడో మనిషి సార్," అన్నాడు నరసప్ప.

"దరఖాస్తులో ఏడుగురు ఆడవాళ్ళన్నారు. ఈవిడ కాళ్ళు అందులో ఉన్నాయా?"

"ఉండాయి సార్."

"మీవి?"

"లేవు సార్."

"అయితే ఇక్కడ పదహారు కాళ్ళున్నాయి. రెండు ఎక్కువొచ్చాయి." ఆయన ఫైలు తెరిచారు. "ఈవిడ పేరు పెట్టి మీరెందుకు నడుస్తున్నారు?"

మారెమ్మ జవాబు చెప్పింది. "ఆయప్పకు జబ్బు సార్. నడవకుంటే కాళ్ళు పడిపోతాయంట. నా వంతు ఆయనకు ఇచ్చినా. పుణ్యమని."

ఇన్స్పెక్టరుగారు పెన్ను మూత పెట్టారు. అది మంచి గుర్తు కాదని గుమాస్తాలందరికీ తెలుసు.

"నడవకపోతే కాళ్ళు పడిపోయే మనిషి, నడకే లేకుండా చేసే యంత్రం కోసం అప్పు అడుగుతున్నాడా? దీన్ని నేను నమ్మాలా? ఇది మీ కోసం కాదండీ. మీ వెనకాల ఎవరో షావుకారు ఉన్నాడు. సర్కారు అప్పు మీ పేరుతో అతను కొట్టేద్దామని చూస్తున్నాడు. ఔనా, కాదా?"

నరసప్ప ఆగిపోయాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన వీధి మధ్య నిలబడి ఉన్నాడు. వెనక ఆరుగురూ ఒకరికొకరు తగులుకుని ఆగిపోయారు. నిజం చెప్తే అప్పు వస్తుంది, కాని మారెమ్మ ఆ సాయంత్రమే మూట కట్టి చిప్పగిరి బండెక్కుతుంది. అబద్ధం మీదే ఉంటే డ్రమ్ము రాదు, ఏడుగురూ వీధిన పడతారు. పన్నెండేళ్ళ సర్వీసులో ఎన్ని సంజాయిషీలు రాశానో, ఆ పూట ఒక్కటీ అక్కరకు రాలేదు.

మారెమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"సార్, మిషను వస్తే ఈయప్ప నడక యాడ తగ్గుతాది? ఇప్పుడు నెలకు ముప్పై పడుగులు. రేపు అరవై, డెబ్బై. వాటిని మగ్గాల ఇండ్లకు ఎవురు మోయాల? ఈయప్పే. ఇప్పుడు ఈ వీధిలోనే తిరుగుతాండాడు. మిషను వస్తే మాధవరం పోవాల, దేవనకొండ పోవాల. తాలూకాలన్నీ తిరగాల. ఆయన కాళ్ళకు ఇంతకన్న మందు యాడుంది సార్?"

"దేవనకొండ దాకానా తల్లీ?" అన్నాడు నరసప్ప, ఏడుపు గొంతుతో.

"అప్పా, నీ ఆరోగ్యం కన్న ఎక్కువా?"

ఇన్స్పెక్టరుగారు ఆలోచించారు. ఆమె మొహంలో ఎక్కడా నవ్వు లేదు. "యంత్రం ఎవరు తిప్పుతారు?" అని అడిగారు.

"నేనే సార్. కూసొని తిప్పేది గదా."

పెన్ను మూత తెరుచుకుంది. ఆయన రాసింది నేను భుజం మీదుగా చదివాను. "విస్తరణ వలన ఏడుగురికి పని దక్కును. దరఖాస్తుదారుని ఆరోగ్యము కూడా మెరుగుపడును. అప్పు ఇవ్వవచ్చును." మార్చి ముప్పైన మంజూరు వచ్చింది. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదోనని తలుచుకుంటే నాకిప్పటికీ కుర్చీలో కుదురుగా ఉండబుద్ధి కాదు.

ఉగాదికి రెండు రోజుల ముందు డ్రమ్ము బండి మీద వచ్చింది. నరసప్ప దానికోసం ఊరి బయటి దాకా ఎనిమిదిసార్లు పోయి వచ్చాడు. టెంకాయ కొట్టే రోజు నన్ను కూడా పిలిచారు. ఆఫీసు మనిషినని మర్యాద చేసి, ఇంట్లోంచి ఆ పడక కుర్చీ తెచ్చి డ్రమ్ము పెట్టిన కొట్టం మధ్యలో వేసి నన్ను కూర్చోబెట్టారు. చాలా సుఖమైన కుర్చీ. నరసప్ప మూడేళ్ళు ఎలా బతికాడో అందులో వాలాక నాకు బాగా తెలిసింది.

మారెమ్మ పీట మీద కూర్చుని పిడి తిప్పింది. డ్రమ్ము కదిలింది. దారాలు వరసగా చుట్టుకుంటున్నాయి. ఆరుగురు ఆడవాళ్ళు కాళ్ళు బార చాపుకుని కండెలు చుడుతూ, కాళ్ళు చాపుకున్నందుకే ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. నరసప్ప మాత్రం డ్రమ్ము చుట్టూ తిరుగుతున్నాడు. మోకాలు పట్టేసి కుంటుతూ తిరుగుతున్నాడు.

మారెమ్మ పిడి ఆపింది.

"అప్పా, కూసో."

"నేనా? అమ్మో, నా కాళ్ళు..."

"పడిపోవులే. గోవిందన్న కూసున్న ఆ కుర్చీ గుడ్డ సూడు. మూడేండ్లలో మూడుసార్లు సినిగింది. మూడుసార్లూ నాకే ఇచ్చినారు కుట్టమని. కూసోనే కూసోని మనిషి ఇంట్లో కుర్చీ గుడ్డ ఎట్ల సినుగుతాదప్పా?"

కస్తూరమ్మ కొట్టం పైకప్పు వాసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అంటే... నీకు తెలుసా తల్లీ?"

"మొదటి కుట్టుకే తెలిసింది. ఆ దినమే మూట కట్టుకుందామనుకున్నా. ఇంతలో నువ్వు బస్సులో గూడా నిలబడి తిరుగుతాండావని కండక్టరు పెండ్లాము సెప్పింది. ఒక అబద్ధానికి అంత కష్టపడేటోన్ని ఎట్ల కాదంటా? అందుకే కూసున్నా. పది మంది సూస్తాంటే ఊరికే కూసోడం సులభమనుకున్నావా అప్పా? నువ్వు నడిసినంత కష్టపడినా నేను కూసోడానికి." ఆమె కళ్ళు తుడుచుకుని పిడి పట్టుకుంది. "అయిపాయె గదా. ఇంక కూసో."

నరసప్ప చుట్టూ చూశాడు. కొట్టంలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఉన్నది నేను. ఏడుగురు ఆడవాళ్ళు, కస్తూరమ్మ, అందరూ నావైపే చూస్తున్నారు. సర్కారు ఉద్యోగంలో చేరాక లేచి ఒకరికి కుర్చీ ఇవ్వడం నాకు అదే మొదటిసారి. అంత సంతోషంగా నిలబడటం కూడా అదే మొదటిసారి.

నరసప్ప భయంభయంగా వచ్చి, పట్టపగలు, పదిమంది ఎదుట, తన బరువంతా వేసి కూర్చున్నాడు.

పర్రుమని గుడ్డ చినిగింది.

డ్రమ్ము ఆపకుండానే మారెమ్మ అంది, "కస్తూరమ్మక్కా, సూదీ దారం తీసి పెట్టు."